లివర్ గడ్డకు టేస్ చేయించుకుంటున్నారా? మొదటి స్కాన్ నుంచి తర్వాతి స్కాన్ దాకా ఏం చేయాలి

“టేస్‌కి డేట్ ఇచ్చారు, ఏమేం తెచ్చుకోవాలి?” “ఇంటికొచ్చాక జ్వరం పోవట్లేదు, మళ్లీ రావాలా?” “స్కాన్‌లో గడ్డ సైజు అంతే ఉంది, డబ్బులు దండగేనా?” ఎవరు ఫోన్ చేసినా తిరిగి తిరిగి ఈ మూడు ప్రశ్నల దగ్గరికే వస్తున్నారు. విడివిడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. నేను డాక్టర్ని కాదు. హైదరాబాద్‌లో ఈ చికిత్స చేసే ఒక వార్డులో పేషెంట్ల ఇంటివాళ్లకు కాగితాలు, జాగ్రత్తలు వివరించడం నా పని. చికిత్స చేయాలా వద్దా, మందు ఎంత అన్నది మీ డాక్టరే చెప్పాలి. మీ చేతిలో ఉన్న పనుల గురించే ఇక్కడ రాస్తున్నాను.

టేస్ అంటే ట్రాన్స్ ఆర్టీరియల్ కీమో ఎంబొలైజేషన్, లివర్ క్యాన్సర్ గడ్డకు చేసే చికిత్స. కోత ఉండదు, కుట్లు ఉండవు. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నటి గొట్టం, అంటే క్యాథెటర్, ఎక్కిస్తారు. దాన్ని లివర్‌లో గడ్డకు రక్తం తెచ్చే ధమని దాకా నడిపి, అక్కడే కీమో మందు వదిలి, ఆ దారి మూసేస్తారు. లివర్ రెండు కాలువలు పారే పొలం లాంటిది. పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ముప్పావు వంతు రక్తం ఇస్తే, హెపాటిక్ ధమని పావు వంతు ఇస్తుంది. గడ్డ మాత్రం దాదాపుగా ధమని మీదే బతుకుతుంది. ఆ ఒక్క తూము మూస్తే గడ్డ ఎండుతుంది, మంచి లివర్ రెండో కాలువతో నెట్టుకొస్తుంది. ఇంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు. దీన్నిబట్టి రెండు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. పోర్టల్ సిర తెరిచి ఉండాలి. మిగిలిన లివర్‌కు తట్టుకునే సత్తా ఉండాలి.

ఎవరికి సరిపడుతుంది, ఎవరికి కాదు

గడ్డ చిన్నదై ఒకటో రెండో ఉంటే ముందు ఆపరేషన్, లేదా సూదితో కాల్చే ఆర్ఎఫ్ఏ, మైక్రోవేవ్ పద్ధతుల గురించి అడగండి. వాటితో గడ్డను పూర్తిగా తీసేసే అవకాశం ఉంటుంది. ఒకే గడ్డ 5 సెంటీమీటర్ల లోపు, లేదా మూడు గడ్డల దాకా ఒక్కొక్కటి 3 సెంటీమీటర్ల లోపు ఉంటే లివర్ మార్పిడికి కూడా పరిశీలిస్తారు. తెలంగాణలో చనిపోయినవారి అవయవాల కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదవుతుంది. ఆ వరుసలో ఎదురుచూసే రోజుల్లో గడ్డ పెరగకుండా పట్టి ఉంచడానికి కూడా టేస్ చేస్తుంటారు.

గడ్డలు ఎక్కువగా ఉండి, లివర్ దాటి వేరేచోటికి పాకకుండా, పేషెంట్ తన పనులు తాను చేసుకుంటూ ఉంటే టేస్ మాట వస్తుంది. పచ్చకామెర్లు బాగా ముదిరినా, మందులకు లొంగకుండా పొట్టలో నీరు చేరుతున్నా, మనిషి మగతగా తికమకగా ఉన్నా, పోర్టల్ సిర ప్రధాన కొమ్మ గడ్డతో మూసుకుపోయినా మామూలుగా టేస్ చేయరు. “ఎంత ఖర్చైనా పర్లేదు, చేసేయండి” అని బతిమాలేవాళ్లను తరచూ చూస్తుంటాను. అలాంటి లివర్‌కు టేస్ చేస్తే గడ్డకంటే ముందు లివరే చేతులెత్తేస్తుంది. డాక్టర్ వద్దన్నారంటే మీ డబ్బు చూసో, వయసు చూసో కాదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మూడు దశల సీటీ లేదా ఎమ్మారై సీడీ. ఫిల్ములు, ప్రింట్ రిపోర్టు మాత్రమే ఉంటే సరిపోదు
- నెల లోపు చేయించిన రక్తపరీక్షలు, ఎండోస్కోపీ రిపోర్టు, పాత డిశ్చార్జ్ సమ్మరీలు
- రోజూ వేసుకునే మందులు, చీటీలతో సహా ఒక కవర్లో
- ఆధార్, ఆహార భద్రతా కార్డు, ఇన్సూరెన్స్ ఉంటే దాని కార్డు, వీటన్నిటికీ రెండేసి జిరాక్సులు
- వదులుగా ఉండే లుంగీ లేదా నైటీ, శాలువా (క్యాథ్ ల్యాబ్‌లో, అంటే టేస్ చేసే గదిలో, చలి గట్టిగానే ఉంటుంది)
- థర్మామీటర్, చిన్న నోట్‌బుక్కు
- రాత్రి పక్కన ఉండటానికి ఒక మనిషి. ఇద్దరుంటే ఒకరు కాగితాల వెంట తిరగడానికి

1. స్కాన్ సరైనదేనా చూసుకోండి

మామూలు అల్ట్రాసౌండ్‌లో గడ్డ కనపడిందని నేరుగా టేస్‌కి రాకండి. మూడు దశల సీటీ గానీ, డై (రక్తనాళాలు, గడ్డ స్పష్టంగా కనపడేలా ఎక్కించే మందు) వేసి తీసిన ఎమ్మారై గానీ కావాలి. డై ఎక్కించాక ధమని దశ, పోర్టల్ దశ, ఆలస్య దశ అని మూడుసార్లు తీస్తారు. లివర్ క్యాన్సర్ ధమని దశలో తెల్లగా వెలుగుతుంది, తర్వాతి దశల్లో చుట్టూ ఉన్న లివర్‌కంటే నల్లబడుతుంది. రిపోర్టులో దీన్నే వాషౌట్ అని రాస్తారు.

“బయాప్సీ చేయకుండా క్యాన్సర్ అని ఎలా తేల్చారు?” అని చాలామంది అనుమానపడతారు. సిరోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం) ఉన్నవారిలో, లేదా చాలాకాలంగా హెపటైటిస్ బి ఉన్నవారిలో, స్కాన్‌లో ఈ వెలుగు, ఈ నల్లబడటం స్పష్టంగా ఉంటే బయాప్సీ లేకుండానే నిర్ధారిస్తారు. దేశదేశాల్లో పాటించే పద్ధతే ఇది. లక్షణాలు స్పష్టంగా లేకపోతేనే ముక్క తీస్తారు.

సెంటర్ మారేటప్పుడు సీడీ తప్పకుండా అడిగి తీసుకోండి. ఇచ్చిన వెంటనే అక్కడే కంప్యూటర్లో తెరుచుకుంటోందో లేదో చూపించమనండి. ఖాళీ సీడీతో ఆదిలాబాద్ నుంచి వచ్చి, మళ్లీ స్కాన్‌కి డబ్బు కట్టినవాళ్లు ఉన్నారు.

2. గడ్డ సంగతి సరే, లివర్ బలం ఎంత?

రిపోర్టుల్లో ఐదు విషయాలు వెతికి నోట్‌బుక్కులో రాసుకోండి: బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్ఆర్, పొట్టలో నీరు ఉందా, మతి తికమక ఉందా. ఈ ఐదింటికీ మార్కులు వేసి చైల్డ్-ప్యూ గ్రేడ్ చెబుతారు. 5 లేదా 6 వస్తే ఎ, 7 నుంచి 9 బి, 10 గానీ ఆపైన గానీ వస్తే సి. టేస్ ఎక్కువగా ఎ గ్రేడ్ వారికి, చూసిచూసి బి మొదట్లో ఉన్నవారికి చేస్తారు. మీ పేషెంట్ గ్రేడ్ ఏమిటని డాక్టర్‌ని సూటిగా అడగండి. గడ్డ ఎన్ని సెంటీమీటర్లో నోటికి చెప్పే ఇంటివాళ్లకు కూడా ఈ గ్రేడ్ తెలియకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. అన్ని నిర్ణయాలూ దాని చుట్టూనే తిరుగుతాయి మరి.

వీటితోపాటు సీబీపీ, క్రియాటినిన్, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో చాలామందికి రక్తంలో పెరిగే పదార్థం), హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి పరీక్ష), హెచ్‌సీవీ (హెపటైటిస్ సి పరీక్ష), హెచ్‌ఐవీ, ఈసీజీ రాస్తారు. డాక్సోరుబిసిన్ అనే ఎర్రరంగు మందు వాడేటట్లయితే, అది గుండె మీద ప్రభావం చూపగలదు కాబట్టి, 2డీ ఎకో కూడా అడుగుతారు.

ఏఎఫ్‌పీ అంకె జాగ్రత్తగా దాచుకోండి. చికిత్సకు ముందు అది ఎక్కువగా ఉంటేనే, తర్వాత తగ్గిందా లేదా అన్నదానికి అర్థం ఉంటుంది. ముందే మామూలుగా ఉంటే తర్వాత చూసి ప్రయోజనం తక్కువ.

3. మందుల కవర్ మొత్తం టేబుల్ మీద పెట్టండి

“బీపీకి, షుగర్‌కి వేసుకుంటారండీ” అంటే డాక్టర్‌కి ఏమీ చెప్పనట్టే. కవర్ బోర్లించండి. ముఖ్యంగా ఇవి చెప్పాలి:

రక్తం పలచబడే మందులు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి ఎన్ని రోజుల ముందు ఆపాలో, అసలు ఆపొచ్చో లేదో గుండె డాక్టర్, టేస్ డాక్టర్ ఇద్దరూ కలిసి చెప్పాలి. స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపితే గుండెకే ముప్పు.

మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర. కిడ్నీ పనితీరును బట్టి డైకి ముందూ తర్వాతా కొద్దిరోజులు ఆపమనవచ్చు.

హెపటైటిస్ బి మందులు. ఎంటెకావిర్, టెనోఫోవిర్ లాంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ సొంతంగా మానకూడదు. కీమో సమయంలో ఆ వైరస్ మళ్లీ విజృంభించగలదు. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ వచ్చి ఇంకా మందు మొదలుపెట్టకపోతే, టేస్‌కి ముందే ఆ సంగతి ఎత్తండి. పనిలో పనిగా ఇంట్లో భార్య లేదా భర్తకు, పిల్లలకు, తోబుట్టువులకు కూడా ఆ పరీక్ష చేయించండి. నెగెటివ్ వచ్చినవారికి టీకా ఉంది.

పసర్లు, చూర్ణాలు. కామెర్లకు పసరు తాగించడం, చేతి మీద వాత పెట్టించడం ఊళ్లలో ఇంకా ఉంది. కరోనా రోజుల్లో తిప్పతీగ తాగి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశం నుంచే నమోదయ్యాయి. చికిత్స నడిచినన్నాళ్లూ ఇవేవీ వద్దు. ఇప్పటికే తాగి ఉంటే సిగ్గుపడకుండా చెప్పేయండి, తిట్టినా ఒక నిమిషమే.

ఈఆర్‌సీపీ (నోటి గుండా గొట్టం పంపి పిత్తనాళానికి చేసే చికిత్స) చేయించి పిత్తనాళంలో స్టెంట్ వేయించుకున్నారా, లేదా ఆ నాళాన్ని పేగుకు కలిపే ఆపరేషన్ అయిందా? ఇది తప్పనిసరిగా చెప్పాలి. అలాంటివారిలో టేస్ తర్వాత లివర్‌లో చీము పట్టే ప్రమాదం చాలా ఎక్కువ. యాంటీబయాటిక్స్ ముందే మొదలుపెడతారు, ఒక్కోసారి దారే మార్చుకుంటారు.

గతంలో డై వేసినప్పుడు దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అన్నది కూడా ముఖ్యమే. రొయ్యలు, చేపలు పడనివాళ్లకు డై కూడా పడదనే మాట మాత్రం నిజం కాదు.

4. కార్డు పని డేట్‌కంటే ముందు

ఆరోగ్యశ్రీ ఉంటే అడ్మిషన్ రోజు కాదు, ఓపీలో టేస్ అని తేల్చిన రోజే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి వెళ్లండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి పరిమితి 10 లక్షలు. అంత ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ముందస్తు అనుమతి రావాలి, దానికి స్కాన్లు, రిపోర్టులు అప్‌లోడ్ కావాలి. ఆ ఆస్పత్రి, ఆ చికిత్స రెండూ పథకంలో ఉన్నాయా, మైక్రో క్యాథెటర్ (ఇంకా సన్నటి గొట్టం), మందు పూసల (వీటి సంగతి కింద 5లో ఉంది) ఖర్చు ప్యాకేజీలో వస్తుందా, తర్వాత స్కాన్ ఎవరు కట్టాలి అన్నవి అక్కడే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చేవారు ఎన్టీఆర్ వైద్య సేవ హైదరాబాద్‌లో మీరనుకుంటున్న ఆస్పత్రిలో ఈ చికిత్సకు వర్తిస్తుందో లేదో బయల్దేరకముందే తేల్చుకోండి. నిమ్స్‌లో చేయించుకునేవారు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు సహాయనిధి భరిస్తుందని ముందే ఇచ్చే హామీ పత్రం) కోసం ప్రయత్నించవచ్చు. అది చికిత్సకు ముందు జరగాల్సిన పని. చికిత్స అయ్యాక సహాయనిధికి దరఖాస్తు పెట్టాలంటే ఒరిజినల్ బిల్లులు కావాలి, కాబట్టి ఒక్క రసీదు కూడా పారేయకండి.

ఆస్పత్రిని ఎంచుకునేటప్పుడు బోర్డు మీద పేరుకంటే ఒక్క ప్రశ్న ముఖ్యం: ఇంటర్వెన్షనల్ రేడియాలజీ డాక్టర్ (టేస్ చేసేవారు), లివర్ డాక్టర్, క్యాన్సర్ డాక్టర్, సర్జన్ కలిసి కూర్చుని మీ కేసు చూస్తారా? దాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. మీ ఫైలు అక్కడికి వెళ్లిందా అని అడగడంలో తప్పులేదు.

5. ఏ రకం చేస్తున్నారో తెలుసుకోండి

పాత పద్ధతిలో కీమో మందును లిపియోడాల్ అనే నూనెతో కలిపి వదులుతారు. గసగసాల నూనెకు అయోడిన్ చేర్చి చేసింది అది. తర్వాత జెల్ ఫోమ్ ముక్కలతో దారి మూస్తారు. రెండో పద్ధతిలో మందు పీల్చుకున్న సన్నటి పూసలు వేస్తారు, అవి దారి మూసి, మందును నెమ్మదిగా వదులుతాయి. పూసలతో కీమో ఒంట్లోకి పాకడం తక్కువ, ఖరీదు ఎక్కువ. ఆయుష్షు విషయంలో మాత్రం పూసలే మేలని గట్టిగా తేలలేదు. అందుకని పూసలకు డబ్బు చాలలేదని కుంగిపోనక్కర్లేదు.

మూడోది టేర్. దీనిలో కీమో బదులు ఇట్రియమ్-90 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న పూసలు వేస్తారు. పోర్టల్ సిర కొమ్మలో గడ్డ పాకినవారికి కూడా కొన్నిసార్లు పనికొస్తుంది. ముందుగా ఒక ట్రయల్ యాంజియోగ్రామ్ చేయాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. డాక్టర్ దాని మాట ఎత్తితే రెండు విడతల ఖర్చూ కలిపి అడగండి.

6. ముందు రోజు, ఆ ఉదయం

రాత్రి తేలిగ్గా తినండి. ఘన పదార్థం ఆరు గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు సాధారణంగా రెండు గంటల ముందు దాకా. టీ, పాలు, మజ్జిగ నీళ్ల కిందికి రావు. వార్డులో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే: “ఒక్క గుక్క టీయే కదా” అని ఇచ్చి, కేసు మధ్యాహ్నానికి జరుపుకోవడం. బీపీ మాత్ర సాధారణంగా ఒక గుటక నీళ్లతో వేసుకోమంటారు. షుగర్ మాత్ర, ఇన్సులిన్ మాత్రం ఆస్పత్రిలో చెప్పినట్టే. షుగర్ ఉన్నవారిని లిస్టులో మొదట పెట్టమని నర్సును అడగండి.

మొలతాడు, ఉంగరాలు, తాయెత్తులు, కట్టుడు పళ్లు తీసి ఇంటివాళ్ల చేతికివ్వండి. తొడ దగ్గర షేవ్ చేస్తారు. మూత్రానికి వెళ్లి రండి.

అంగీకార పత్రం మీద సంతకం పెట్టేముందు దాన్ని తెలుగులో చదివి వినిపించమనండి. లివర్ ఫెయిల్యూర్, చీము, కిడ్నీ దెబ్బ, రక్తస్రావం అని అందులో ఉంటాయి. భయపెట్టడానికి రాసినవి కావు, అరుదుగానైనా జరిగేవే. వాటిలో మీ పేషెంట్‌కు దేనికి ఎక్కువ అవకాశం ఉందని అడగండి.

7. క్యాథ్ ల్యాబ్‌లో

పూర్తి మత్తు ఉండదు. గుచ్చేచోట మాత్రమే మొద్దుబారే ఇంజెక్షన్, అవసరమైతే కాస్త నిద్రమత్తు. డై వెళ్లినప్పుడు పొట్టలోంచి కిందికి వేడి పాకుతుంది, మూత్రం పోసుకున్నామేమో అనిపిస్తుంది. ఏమీ కాలేదు, అది కొన్ని సెకన్లే. “ఊపిరి బిగపట్టండి” అన్నప్పుడు నిజంగా బిగపట్టాలి, లేకపోతే బొమ్మ చెదిరిపోయి డై మళ్లీ వేయాల్సి వస్తుంది. ముందు రోజు ఇంట్లో పడుకుని పదేసి సెకన్లు బిగపట్టడం అలవాటు చేస్తే అక్కడ తేలిక. మందు వదిలేటప్పుడు కుడి డొక్కలో, కుడి భుజంలో నొప్పి రావచ్చు. ఓర్చుకోవడం గొప్ప కాదు, చెప్పండి, నొప్పి మందు వెంటనే ఇస్తారు.

సాధారణంగా గంట, రెండు గంటలు. రక్తనాళాలు వంకరలు తిరిగి ఉంటే ఇంకా పట్టవచ్చు. బయట కూర్చున్నవాళ్లు ఆలస్యమైందంటే ఏదో జరిగిందని అనుకోకండి.

8. ఆ రాత్రి

తొడ దగ్గర చేస్తే కాలు మడవకుండా నాలుగు నుంచి ఆరు గంటలు వెల్లకిలా పడుకోవాలి. మణికట్టు దగ్గర చేస్తే బ్యాండు వేసి కొద్దికొద్దిగా వదులు చేస్తారు. లేచి నడవచ్చు, కానీ ఆ చేత్తో బకెట్ ఎత్తడం, ఊతం తీసుకోవడం వద్దు.

పక్కన ఉన్న మనిషికి అసలు పని ఇక్కడే. అరగంటకోసారి దుప్పటి తీసి చూడండి. కట్టు తడిసిందా? చుట్టూ ఉబ్బి గట్టిపడుతోందా? ఆ పాదం లేదా చెయ్యి చల్లబడి, తిమ్మిరెక్కి, రంగు మారిందా? దేనికైనా వెంటనే నర్సును పిలవండి. రక్తం కారుతుంటే దుప్పట్లు, గుడ్డలు వెతకొద్దు, వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకుని కేకేయండి. మూత్రం ఎంత వచ్చిందో కొలిచి రాయండి. నీళ్లు ఎక్కువ తాగితే డై త్వరగా పోతుంది, కానీ పొట్టలో నీరున్నవారు ఎంత తాగాలో అడిగే తాగాలి.

చాలామందిని ఒకటి రెండు రాత్రుల తర్వాత పంపిస్తారు. జిల్లాల నుంచి వచ్చినవారికి నా సలహా: డిశ్చార్జ్ అయిన రాత్రే ఎంజీబీఎస్‌లో బస్సెక్కి ఊరెళ్లకండి. చుట్టాలింట్లోనో, ఆస్పత్రి దగ్గర లాడ్జిలోనో రెండు మూడు రోజులు ఉండి వెళ్లండి. కుదరకపోతే మీ జిల్లాకేంద్రంలో రాత్రిపూట ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రి ఏదో ముందే చూసి పెట్టుకోండి, డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో ఫోన్లో ఉంచుకోండి.

9. ఇంట్లో మొదటి పదిరోజులు

జ్వరం, కుడి డొక్కలో నొప్పి, వికారం, నీరసం చాలామందికి వస్తాయి. గడ్డకు రక్తం ఆగి అది చచ్చిపోతున్నప్పుడు ఒళ్లు చూపించే స్పందన అది. రెండు మూడు రోజులు గట్టిగా ఉండి, వారం పదిరోజుల్లో సర్దుకుంటుంది. జ్వరం రాగానే ఇన్ఫెక్షన్ అని మెడికల్ షాపులో యాంటీబయాటిక్స్ కొనేయకండి. జ్వరం రాలేదు కాబట్టి టేస్ పనిచేయలేదని కూడా అనుకోకండి.

రోజుకు మూడుసార్లు థర్మామీటర్ పెట్టి రాయండి. ఆ అంకెలు రోజురోజుకూ దిగుతున్నాయా అన్నదే చూడాలి. దిగిన జ్వరం మళ్లీ చలితో, వణుకుతో ఎగబాకితే చీము అనుమానించాలి.

నొప్పికి పారాసెటమాల్ మాత్రమే, అదీ డాక్టర్ చెప్పినంత. సిరోసిస్ ఉన్నవారికి సాధారణంగా రోజు మొత్తానికి 2 గ్రాములు మించనివ్వరు. అంటే 650 మాత్రలైతే రోజుకు మూడే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వద్దేవద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి, పొట్టలో రక్తస్రావం కావచ్చు. షాపులో ఇచ్చే “నొప్పి మాత్ర” చాలాసార్లు ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపినదే, అట్ట వెనక పేరు చదవండి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. నిద్ర పట్టట్లేదని నిద్రమాత్రలు ఇవ్వొద్దు.

తిండి దగ్గర మనవాళ్లు చేసే అన్యాయం ఎక్కువ. లివర్ జబ్బంటే పథ్యం అని ఇడ్లీ, గంజి, చారన్నంతో నెల లాగిస్తారు, మనిషి కండ కరిగిపోతాడు. పప్పు, గుడ్డు, చేప, చికెన్, పెరుగు అన్నీ పెట్టండి. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు. రాత్రి పడుకునే ముందు కూడా పాలో, ఉప్మానో, అరటిపండో ఏదో ఒకటి కడుపులో పడాలి. రాత్రంతా ఖాళీగా ఉంటే సిరోసిస్ ఉన్న ఒళ్లు కండనే కరిగించుకుని తింటుంది. షుగర్ ఉంటే ఏది, ఎంత అన్నది డైటీషియన్‌ని అడగండి.

పొట్టలో నీరు, కాళ్ల వాపు ఉన్నవారికి ఉప్పు తగ్గించాలి. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు, చిప్స్ ముందు ఆపండి. “తక్కువ సోడియం ఉప్పు” ప్యాకెట్ కొనేముందు డాక్టర్‌ని అడగండి. అందులో పొటాషియం ఉంటుంది, నీరు తగ్గడానికి స్పైరోనోలాక్టోన్ వేసుకునేవారికి అది ప్రమాదం కావచ్చు.

విరేచనం రోజూ సాఫీగా కావాలి. లాక్టులోజ్ రాసి ఉంటే రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా అయ్యేలా మోతాదు చూసుకోమంటారు. మద్యం చుక్క కూడా వద్దు, ఇందులో బేరం లేదు.

వెంటనే ఎమర్జెన్సీకి రావాల్సినవి:

- వణుకుతో కూడిన జ్వరం, లేదా వారం దాటినా దిగని జ్వరం
- కళ్లు పచ్చబడటం పెరగడం, పొట్ట ఉబ్బడం
- పగలు నిద్ర, రాత్రి మెలకువ, మాట తడబాటు, చేతులు ముందుకు చాపితే రెక్కల్లా కొట్టుకోవడం
- నల్లటి తారులాంటి విరేచనం, రక్తపు వాంతి
- మూత్రం బాగా తగ్గిపోవడం, ఆయాసం
- గుచ్చినచోట వాపు లేదా రక్తం

వీటికి పొద్దుటిదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఏ ఇబ్బందీ లేకపోయినా, చెప్పిన రోజున (చాలాచోట్ల ఒకటి రెండు వారాలకు) లివర్ పరీక్ష, క్రియాటినిన్ చేయించి పాత అంకెల పక్కన రాయండి. బిలిరుబిన్ కాస్త పెరిగి దిగడం మామూలే. పెరుగుతూ పోతుంటే ఫోన్ చేయాలి.

10. ఫలితం ఎలా చూడాలి

నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య మళ్లీ మూడు దశల సీటీ లేదా ఎమ్మారై తీస్తారు. ఇంటివాళ్లు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఈ రిపోర్టు దగ్గరే. సైజు మాత్రమే చదివి దిగాలుపడతారు.

చచ్చిన గడ్డ వెంటనే కరిగి మాయం కాదు. నెలల తరబడి అదే సైజులో ఉండవచ్చు. చూడాల్సింది దానిలోకి ఇంకా రక్తం వెళ్తోందా అని. ధమని దశలో వెలిగే భాగాన్నే బతికున్న గడ్డగా లెక్కిస్తారు. ఒక ఉదాహరణ చూడండి. ముందు 7 సెంటీమీటర్ల గడ్డ మొత్తం వెలిగేది. ఇప్పుడూ రిపోర్టులో 7 సెంటీమీటర్లే అని ఉంది, కానీ అంచున 2 సెంటీమీటర్ల ముక్క మాత్రమే వెలుగుతోంది. డాక్టర్ లెక్కలో 7 కాస్తా 2 అయింది. అంటే చికిత్స బాగా పనిచేసింది, ఆ ముక్కకు మరోసారి చేయవచ్చా అన్నదే ప్రశ్న.

లెక్క ఇది: ఎక్కడా వెలుగు లేకపోతే పూర్తి ఫలితం. వెలిగే భాగం 30 శాతం లేదా అంతకుమించి తగ్గితే పాక్షిక ఫలితం. 20 శాతం లేదా అంతకుమించి పెరిగినా, కొత్త గడ్డలు వచ్చినా జబ్బు ముదిరినట్టు. రిపోర్టులో “వయబుల్” అనే మాట ఎక్కడుందో, దాని పక్కన ఎన్ని సెంటీమీటర్లు రాశారో వెతకండి. “నెక్రోసిస్” అంటే చచ్చిన భాగం. ఆ మాట చూసి కొందరు బెంబేలెత్తుతారు, ఇక్కడ అది మంచి కబురే.

ఒక చిక్కుంది. లిపియోడాల్ నూనె సీటీలో తనంతట తానే తెల్లగా మెరుస్తుంది. దాని పక్కన చిన్న వెలుగు దాగిపోవచ్చు. రిపోర్టు ఎటూ తేల్చకపోతే ఎమ్మారై అవసరమా అని అడగండి.

పాత స్కాన్, కొత్త స్కాన్ వీలైతే ఒకే సెంటర్లో, ఒకే రకం ఉండాలి. రెండు సీడీలూ ఒకే రేడియాలజిస్ట్ ముందు పెట్టాలి. ఈసారి సీటీ, వచ్చేసారి ఎమ్మారై, రెండు వేర్వేరుచోట్ల తీయించి రిపోర్టులు పోల్చుకుంటే గందరగోళమే మిగులుతుంది.

11. మళ్లీ చేయించాలా?

ఇన్ని నెలలకోసారి అని గుడ్డిగా చేసే చికిత్స కాదిది. వెలిగే భాగం మిగిలి, లివర్ బలం ముందున్నట్టే ఉంటే మళ్లీ చేస్తారు. వెలుగు లేకపోతే ఊరుకుని, మొదట్లో దాదాపు మూడు నెలలకోసారి స్కాన్‌తో కనిపెట్టుకుని ఉంటారు. ఒకే గడ్డకు రెండుసార్లు చేసినా లొంగకపోతే, లేదా చేసిన ప్రతిసారీ చైల్డ్-ప్యూ మార్కులు పెరుగుతుంటే, దారి మార్చాలి. అప్పుడు లెన్వాటినిబ్, సోరాఫెనిబ్ మాత్రలు, లేదా అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ కలిపి సెలైన్‌లో ఎక్కించే చికిత్స గురించి మాట్లాడతారు. ఆ రెండోదానికి ముందు, అన్నవాహికలో ఉబ్బిన నరాలు చూడటానికి ఎండోస్కోపీ చేస్తారు. వాటికి కూడా లివర్‌లో సత్తా మిగిలి ఉండాలి. అందుకే లొంగని గడ్డకు మూడోసారి, నాలుగోసారి టేస్ అని పట్టుబట్టి ఆ సత్తా ఖర్చుచేసుకోవడం నాకు నచ్చదు.

ఇక చేసేందుకు ఏమీ లేదన్నప్పుడు, ఆ మాటకు ముందు కూడా, నొప్పి, వాంతులు, నిద్రలేమి, పొట్ట బరువు లాంటివాటికి వైద్యం ఉంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ (బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది, మెట్రోలో వస్తే లక్డీకాపూల్‌లో దిగాలి. ఆఖరి రోజులకే అని అనుకుని చాలామంది అక్కడికి ఆలస్యంగా వెళ్తారు. టేస్ నడుస్తుండగానే వెళ్లవచ్చు. స్కాన్ సీడీలు, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల కవర్, అంకెలు రాసుకున్న నోట్‌బుక్కు తీసుకెళ్లండి.